మందు కలదు, వెదకువారేరీ?

అబిడ్సు చౌరస్తాయందలి పెద్ద తపాలా కచేరీనుండి నాంపల్లి స్టేషనునకు కాలినడకను పోవువానికి ఇరువది నిమిషములకు మించి పట్టదు. ఆ కొద్దిపాటి దూరములో, దారికి కొంచె మిటునటుగా, మన రాష్ట్రపు రాబడియు వ్యయమును రెండును కన్నులకు కట్టును. నాంపల్లిలోని వాణిజ్యపన్నుల కార్యాలయము ధనమును రాబట్టును. పబ్లిక్ గార్డెన్సు ప్రక్కనున్న శాసనసభ ఆ ధన మేయే పద్దులక్రింద వ్యయము కావలయునో నిర్ణయించును. రెడ్ హిల్సులోని నిలోఫర్ శిశువైద్యశాల, మెహదీ నవాజ్ జంగు పేరిటి కాన్సరు వైద్యశాల, నాంపల్లి ఏరియా ఆసుపత్రి – ఈ మూటి గుమ్మములయందు ఆ ధనము చేరవలసిన జనము ప్రతి ఉదయమును చీటీలకై వరుసలు తీరి నిలుచుందురు. ధనము వచ్చు చోటును, పంచు చోటును, చేరవలసిన చోటును ఇంత దగ్గఱగా నున్న పేట మఱియొకటి మన కెఱుక లేదు. అయినను ఈ మూడు తావుల నడుమనే యొక రోగము ఎవరి కంటను పడక తిరుగుచున్నది. దాని పేరు హెపటైటిస్ ‘సి’.

ఎవరి కంటను పడదని మేమనుట అతిశయోక్తి గాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగవ విడతలో (2015-16) సేకరించిన రక్తనమూనాలను పరీక్షింపగా, నూటికి 0.32 మంది రక్తములో ఈ వైరసు తాకిన గుర్తులు కనబడినవి. ఆదివారమునాడు అబిడ్సు కాలిబాటపై పాతపుస్తకములకు మూగు జనములో వేయిమందిని లెక్కించినచో, ఈ లెక్కన సుమారు ముగ్గురు ఈ కోవకు చెందుదురు. చూచుటకు చిన్న సంఖ్యయే. దేశమంతటికి లెక్కగట్టినప్పుడు దాని పరిమాణము బోధపడును. 2022వ సంవత్సరమున మన దేశములో 55 లక్షలమంది ఈ వైరసుతో జీవించుచుండిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. ప్రపంచమున ఆ సంఖ్య 5 కోట్లు. ఆ యొక్క సంవత్సరమున దీనివలన మరణించినవారు 2 లక్షల 42 వేలు. వీరిలో పెక్కురు తమ కీ రోగ మున్నదని ఎఱుగకయే యుండిరి.

ఎఱుగకపోవుటకు కారణము రోగస్వభావములోనే యున్నది. ఈ వైరసు రక్తమార్గమున దేహములో ప్రవేశించి కాలేయమున కాపురము పెట్టును. ప్రవేశించిననాడు జ్వరము గాని కామెర్లు గాని సామాన్యముగా కానరావు. సోకినవారిలో సుమారు మూడవవంతుమందికి మందు లేకయే ఆఱు నెలలలోపల అది తొలగిపోవును. తక్కినవారిలో అది స్థిరపడి, పదియు నిరువదియు నేండ్లు కాలేయమును మెల్లమెల్లగా గట్టిపఱచును. ఇరువదేండ్లలో నూటికి 15 మొదలు 30 మంది వఱకు కాలేయము పూర్తిగా బిరుసెక్కు దశకు చేరుదురు. కొందఱికి అదియే కాన్సరుగా పరిణమించును. కడుపున నీరు చేరి, నెత్తురు కక్కుకొని ఆసుపత్రికి వచ్చిననాడు గాని ఆ కుటుంబమునకు విషయము తెలియదు. ఇంటివారికి తెలియక నడవలో నేండ్లతరబడి కాపురమున్న దొంగవంటి రోగమిది.

ఇక్కడ మన ప్రజలలో నాటుకొనియున్న యొక భ్రమను గూర్చి చెప్పవలసియున్నది. కామెర్లనగానే మన పల్లెలలో పసరుమందు గుర్తునకు వచ్చును. నేలయుసిరి నూరి పోయుదురు. కంట చుక్కలు వేయుదురు. ముంజేతిమీద వాతలు పెట్టుదురు. తగ్గినదని ప్రమాణము చేసి చెప్పువారు ప్రతి యూరను పదిమంది యుందురు. వారు అసత్యమాడుట లేదు. కలుషితమైన నీటివలనను ఆహారమువలనను వచ్చు హెపటైటిస్ ‘ఏ’, ‘ఇ’ అను జాతులు పెక్కురిలో కొన్ని వారములకు తమంతట తామే శమించును. ఆ కీర్తి పసరునకు దక్కినది. ‘సి’ జాతి యట్టిది గాదు. అది నీటిలో రాదు, ముందుగా పసుపు చూపదు, స్థిరపడినచో తనంతట తాను పోదు. కన్నులు పచ్చబడినప్పుడు చూచుకొందమను వానికి ఈ రోగమున ఆ యవకాశము దొరకునప్పటికే కాలము మించియుండును.

‘బి’ జాతికి టీకా కలదు. 1997లో హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్సువారు ఆ టీకాను స్వదేశముననే తయారుచేసి, విదేశపు టీకాల వెలను దింపిన సంగతి మన నగరమునకు గర్వకారణము. ‘సి’ జాతికి టీకా లేదు. కాని టీకాకంటె ఆశ్చర్యకరమైన దొకటి దీనికి లభించినది. అది సంపూర్ణముగ నయముచేయు మందు.

ఆ చరిత్రను పాఠకులు తెలిసికొనుట యవసరము. 1970 దశకమున రక్తమెక్కించుకొన్నవారికి వచ్చు కాలేయశోథము ‘ఏ’యు గాదు, ‘బి’యు గాదని తేలినను, కారణమేమో తెలియక వైద్యులు దానిని ఆ రెండును కానిదని మాత్రమే పిలిచెడివారు. 1989లో వైరసు బయటపడినది. అందులకై కృషిచేసిన హార్వీ ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్ అను మువ్వురికి 2020లో నోబెల్ బహుమానము లభించినది. తొలిదినములలో ఇంటర్‌ఫెరాన్ సూదులు ఆఱు నెలలు మొదలు సంవత్సరకాలము వఱకు వేయించుకొనవలసియుండెను. జ్వరము, నీరసము, మనోవ్యాకులత భరించినను నయమగుట నిశ్చయము గాదు. 2013 డిసెంబరులో సోఫోస్బువిర్ అను మాత్రకు అమెరికాలో అనుమతి లభించినది. దినమున కొక మాత్ర, తోడుగా మఱియొక మందు, పండ్రెండు వారములు. నూటికి తొంబదియైదుగురికి పైగా నయమగుచున్నది. కాని అమెరికాలో ఒక్కొక్క మాత్ర వెల వేయి డాలర్లు. పూర్తి చికిత్సకు 84 వేల డాలర్లు. ఆ లెక్క విన్న బీదదేశముల రోగులకు మందు పుట్టినదన్న సంతోషము క్షణమైనను నిలువలేదు.

ఆ సమయమున మన హైదరాబాదు పేరు ముందునకు వచ్చెను. 2014 సెప్టెంబరులో ఆ మందు యజమానియగు గిలియడ్ సంస్థ 91 దేశములలో చవుకగా అమ్ముటకు భారతీయ తయారీదారులకు అనుమతి నిచ్చినది. వారిలో మన నగరపు హెటిరో సంస్థ యుండెను. పేటెంటునకు అభ్యంతరము తెలిపియున్న మన నగరపు నాట్కో సంస్థయు 2015లో ఆ యొప్పందమున చేరినది. ఆ సంవత్సరమే నాట్కోవారు 28 మాత్రల సీసాకు 19,900 రూపాయల గరిష్ఠపు వెల నిర్ణయించిరి. అమెరికాలో ఇరువదియెనిమిది వేల డాలర్లకు వచ్చు మాత్రలు ఇక్కడ ఇరువదివేల రూపాయలకు వచ్చెను. పోటీ పెరిగినకొలది వెల యింకను పడిపోయెను. 2018 జూలై 28వ తేదీన కేంద్రప్రభుత్వము జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమము నారంభించి, పరీక్షలును మందులును ప్రభుత్వ కేంద్రములలో ఉచితముగ నిచ్చుటకు పూనుకొన్నది. 2030 నాటికి ఈ రోగమును దేశమునుండి తొలగించుట దాని గమ్యము.

ఇంతవఱకు విన్నవారు, ఇక చింత యేమున్నదని యడుగవచ్చును. మందు మన ఊరిలో తయారగుచున్నది. ఉచితముగ నిచ్చుటకు కార్యక్రమము కలదు. వైద్యము కష్టసాధ్యము గాదు. చింత యంతయు రోగి దొరకకపోవుటలో నున్నది. 2022 నాటికి ప్రపంచమున ఈ వైరసు గలవారిలో తమకది యున్నదని తెలిసినవారు నూటికి 36 మంది మాత్రమే. మందు పుచ్చుకొన్నవారు నూటికి ఇరువదిమంది. మన రైతుసోదరులకు ఈ స్థితి సులభముగ బోధపడును. చెఱువు నిండియున్నది, తూము తెఱచియే యున్నది, కాలువ త్రవ్వలేదు. చేను ఎండిపోయినచో దోషము చెఱువుది గాదు, వానది గాదు, కాలువకు కూలి యియ్యని వానిది.

ఆ కాలువ యేది? వెదకుట. దానికి రెండు మెట్లు గలవు. మొదటిది వ్రేలిచివర రక్తపుచుక్కతో కొన్ని నిమిషములలో తేలు పరీక్ష. ఇది వైరసు ఎప్పుడో యొకప్పుడు తాకినదా యని మాత్రమే తెలుపును. నయమైనవానికిని ఆ గుర్తు నిలిచియేయుండును. రెండవది వైరసు ఇప్పుడును రక్తములో నున్నదా యని తేల్చు పరీక్ష. ఇది యంత్రముపై చేయవలసినది, ఖరీదైనది. మొదటి పరీక్షలో అనుమానము తగిలిన కూలివానిని రెండవదానికి మఱియొకనాడు మఱియొకచోటికి రమ్మన్నచో, ఒక దినపు కూలి పోగొట్టుకొని అతడు తిరిగి వచ్చునని నమ్ముట యెట్లు? ఒంట్లో బాధ యేమియు లేనివాడు ఆ శ్రమ యెందుకు పడును? మందునకు కేటాయించిన ధనము గోదాములో మాత్రలుగా నిలువయుండి, రోగి వాకిట నిలువకుండుటకు మూలమీ రెండు మెట్ల నడుమనే యున్నది.

వెదకుట సాధ్యమేనా యను సందేహమునకు రెండు నిదర్శనములు చాలును. ఈజిప్టుదేశమున 1950 మొదలు మూడు దశాబ్దములు నత్తలమూలమున వ్యాపించు యొక పరాన్నజీవిరోగమునకు ప్రభుత్వమే ఊరూర సూదులు వేయించినది. సూదులు సరిగా మఱిగింపకపోవుటచే ఒకని రక్తము మఱియొకనికి సోకి, ఆ దేశము హెపటైటిస్ ‘సి’కి ప్రపంచమున ఆటపట్టైనది. ఆ ప్రభుత్వమే తిరిగి నడుము కట్టి, 2018 అక్టోబరునుండి ఏడు నెలలలో సుమారు 5 కోట్లమందిని పరీక్షించి, రోగులకు మందులిచ్చినది. 2023లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ దేశమును రోగనిర్మూలనమార్గమున బంగారుశ్రేణికి చేరినదిగా గుర్తించెను. అంత దూర మేల? మన పంజాబు రాష్ట్రము 2016లోనే, అనగా జాతీయ కార్యక్రమమునకు రెండేండ్లు ముందే, ముఖ్యమంత్రి పేరిట నిధి నేర్పఱచి ఉచితచికిత్స నారంభించినది. ఢిల్లీనుండి ఉత్తరువు వచ్చువఱకు అది వేచియుండలేదు.

మన రాష్ట్రమునకు సామర్థ్యము లేదందుమా? 2018 ఆగస్టు 15న ఆరంభమైన కంటివెలుగు పథకమున మొదటి విడతలోనే కోటిన్నరమందికి పైగా కన్నులు పరీక్షింపబడెను. ఊరి బడిలో, పంచాయతీ చావిడిలో బల్ల వేసి, ముసలివారిని కూర్చుండబెట్టి, అద్దములిచ్చి పంపిరి. అట్టి పని చేసిన యంత్రాంగమునకు వ్రేలిచివర చుక్క రక్తము తీయుట అసాధ్యము గాదు. నగరమున బస్తీ దవాఖానాలు గలవు. అచ్చట తీసిన రక్తనమూనాలను ఉచితముగ పరీక్షించుటకు తెలంగాణ డయాగ్నస్టిక్సు ఏర్పాటు గలదు. దాని నగరకేంద్రము అబిడ్సునకు కూతవేటు దూరమున నారాయణగూడలోనే నెలకొల్పబడినది. త్రవ్విన ఆ పిల్లకాలువలోనే ఈ నీటిని గూడ పాఱించుట వివేకము.

ఒక ఆక్షేపణ మేము విన్నాము. వేయిమందిలో ముగ్గురికొఱకు వేయిమందిని పరీక్షించుట ప్రజాధనమును వెదజల్లుట గాదా యని. న్యాయమైన ప్రశ్నయే. ఇంటింటికి పోయి ఎల్లరను పరీక్షింపుమని మేమును కోరుట లేదు. రోగము సమానముగ పరచుకొని యుండదు. దానబద్ధ రక్తమునకు ఈ వైరసు పరీక్ష నిర్బంధము కాకపూర్వము రక్తమెక్కించుకొన్నవారు, మూత్రపిండములు చెడి యంత్రముపై రక్తము శుద్ధిచేయించుకొనువారు, నెలనెలయు రక్తముపై బ్రదుకు థలసీమియా బాలబాలికలు, మత్తుమందు సూదులు పంచుకొనువారు, కారాగారవాసులు, హెచ్.ఐ.వి. గలవారు – వీరిలో వెదకినచో వ్యయము తగ్గి ఫలము హెచ్చును. తరువాత ప్రసవమునకు వచ్చు స్త్రీలు, శస్త్రచికిత్సకు వచ్చు రోగులు. వీరి రక్తము ఎట్లును పరీక్షకు తీయుచునేయున్నారు. మఱియొక చుక్కకు అయ్యెడి వ్యయము స్వల్పము. దానికెదురుగా తులదూచవలసినది కాలేయము చెడినవాని వ్యయమును. కాలేయమార్పిడికి లక్షలు కావలయును. ఆ లక్షలు ప్రభుత్వమే భరించినను, కుటుంబమే పొలమమ్మి భరించినను, పోవునది దేశధనమే. రోగి సామాన్యముగా నడివయసున, ఇల్లు నిలుపవలసిన వేళ పడిపోవును. ఆ కుటుంబమునకు తగులు నష్టము ఏ పద్దులోను వ్రాయబడదు.

కాన మా కోరికలు నాలుగు. రాష్ట్ర ఆయవ్యయపట్టికలో ఈ రోగాన్వేషణమునకు వేఱుగా నొక పద్దుండవలయును. ప్రజారోగ్యము రాజ్యాంగరీత్యా రాష్ట్రము బాధ్యత. జాతీయ ఆరోగ్యమిషనులో నూటికి 60 పాళ్లు కేంద్రము, 40 పాళ్లు రాష్ట్రము పెట్టవలసియున్నందున ఢిల్లీవైపు వ్రేలు చూపి తప్పుకొనుట తగదు. రెండవది, నాంపల్లి వంటి ఏరియా ఆసుపత్రులలో రెండు పరీక్షలకును రక్తమును ఒకేనాడు, ఒకేచోట తీయవలయును. ఫలితము వచ్చిన పిదప రోగిని పేరుపెట్టి పిలిచి మందు చేతికిచ్చు బాధ్యత ఒక ఉద్యోగిపై నుండవలయును. మూడవది, రక్తనిధులకు ధనసహాయము. సామాన్యపరీక్షలో వైరసు గుర్తు కనబడుటకు వారములు పట్టును. వైరసునే పట్టు సూక్ష్మపరీక్ష ఆ వ్యవధిని దినములకు తగ్గించును. వ్యయము అధికమగుటచే అన్ని రక్తనిధులును దానిని చేయుట లేదు. నిలోఫర్ వంటి వైద్యశాలలలో రక్తమెక్కించుకొను బిడ్డకు ఆ దినముల తేడా జీవితకాలపు తేడా. నాలుగవది, ఎందఱిని పరీక్షించిరి, ఎందఱికి రోగము తేలినది, ఎందఱు మందు పూర్తిచేసిరి అను లెక్కలను జిల్లాలవారిగా మూడు నెలలకొకమాఱు ప్రకటింపవలయును. లెక్క చూపని పద్దునకు ధనమడుగు హక్కు ఎవ్వరికిని లేదు.

ఏటేట జనవరి మొదటి తేదీన నాంపల్లి మైదానమున తెఱచు నుమాయిషునకు లక్షలజనము వచ్చును. 1938లో పబ్లిక్ గార్డెన్సులో స్వదేశీ వస్తువులను చూపుటకై పుట్టిన ఆ ప్రదర్శనమున, స్వదేశీ మందు గల ఈ రోగమునకు ఒక పరీక్షాశాల నెలకొల్పినచో దానికి అంతకంటె తగిన తావు దొరకదు.

అయితే ప్రభుత్వధనమొక్కటియే చాలదు. నివారణమున ప్రజల చేతిలోని పని పెద్దది. పల్లెలలో ఆరెంపీ వైద్యుడు సూది వేయనిదే జ్వరము తగ్గదను నమ్మకము ఇంకను పోలేదు. మాత్ర యిచ్చి పంపినచో అతడు వైద్యము రానివాడని చిన్నచూపు చూచెదరు. ఆ చిన్నచూపు పోవలయును. సూది తప్పనిసరియైనచో, క్రొత్త పొట్లము తన కన్నులయెదుట విప్పుమని అడుగుట రోగి హక్కు. అడిగినచో కోపగించు వైద్యునికడ మఱల పోవలసిన పనిలేదు. మంగలికత్తికి ప్రతి మనుష్యునకు క్రొత్త పలుకు వేయింపుడు. జాతరలలో వరుసగా పదిమందికి ఒకే సూదితో పచ్చబొట్టు పొడుచు చోట మీ బిడ్డలను కూర్చుండబెట్టకుడు. గ్రామపెద్దలు, భూస్వాములు ఈ మాటను చెప్పినచో ఊరు వినును. కంచములో తినుటవలన గాని, కౌగిలించుకొనుటవలన గాని ఈ రోగ మంటదు. కావున రోగిని వెలివేయుట తెలివితక్కువతనము. వెలివేతకు వెఱచియే పెక్కురు పరీక్షకు రాక దాగుదురు. దాగిన రోగి ఊరికిని కీడే.

1897లో మన సికందరాబాదు ప్రక్కనున్న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జాడ కనుగొన్నాడు. కనుగొనుట ఇచ్చట జరిగెను. మలేరియా మాత్రము ఆ తరువాతను తరములతరబడి మన జనమును పీడించినది. తెలిసినదానికిని చేసినదానికిని నడుమ మన దేశములో ఎంత దూరముండగలదో చెప్పుటకు ఆ యొక్క యుదాహరణము చాలును. హెపటైటిస్ ‘సి’ విషయమున ఆ దూరము ఇరువది నిమిషముల నడకయే. నయముచేయు మందు ఈ నగరముననే కలదు. దానికై వేచియున్న రోగి నాంపల్లి ఆసుపత్రి గుమ్మమునందే యున్నాడు, తాను వేచియున్నానని తనకే తెలియదు. ఆ సంగతి అతనికి తెలుపు పద్దును వ్రాయవలసిన శాసనసభ అదే వీధికొననున్నది. రాబోవు ఆయవ్యయచర్చలో సభ్యులెవరైనను లేచి, వెదకుటకు ఎంత కేటాయించితిరని మంత్రివర్యుల నడుగుదురు గాక!